మూడే కార్డ్‌లట!

మొన్న ఒక కచేరీ ముగిశాక, ఆవరణలో కాఫీ తాగుతుండగా బ్లూస్ ప్రస్తావన వచ్చింది. నేనెంతో గౌరవించే ఒక రసికులు "అందులో ఆవేదన ఉందండీ, శాస్త్రం లేదు. మూడే కార్డ్‌లు, తిప్పి తిప్పి వాయిస్తారు" అని తేల్చేశారు. చుట్టూ ఉన్నవారు తలలూపారు. నేనూ మర్యాదకు నవ్వి ఊరుకున్నాను. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగా ఈ నాలుగు మాటలు.

మూడే అన్నమాట చాలామటుకు నిజమే. షడ్జమం, మధ్యమం, పంచమం ఆధారంగా నిలిచే మూడు స్వరసముదాయాలు. పన్నెండు బార్‌ల ఆవృత్తం. మొదటి నాలుగు బార్‌లు షడ్జమం కార్డ్, తరువాతి రెండు మధ్యమం, మళ్ళీ రెండు షడ్జమం, ఆపై పంచమం ఒకటి, మధ్యమం ఒకటి, చివరి రెండూ షడ్జమం. స్థూలంగా ఇదీ చట్రం. ఆటవెలదిలో గణాలు లెక్కపెట్టి, ఇంతేనా అని వేమనను పక్కన పెట్టేవారెవరైనా ఉన్నారా?

ఇక శాస్త్రం సంగతి. బ్లూస్‌లో షడ్జమం కార్డ్ అంటే సాధారణంగా షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం ఒకేసారి మోగడం. ఐరోపా సంప్రదాయ పాఠ్యగ్రంథాల దృష్టిలో ఇదొక ముగియని వాక్యం. ఆ గాంధార నిషాదాల పెనుగులాట మరో కార్డ్‌లోకి వెళ్ళి తీరవలసిందే. బ్లూస్ ఆ అశాంతినే ఇల్లు చేసుకుంది. అక్కడే మొదలవుతుంది, తరచు అక్కడే ముగుస్తుంది.

దాని మీద గాయకుడు పాడేది సాధారణ గాంధారం. సరిగ్గా చెప్పాలంటే సాధారణ, అంతర గాంధారాల నడుమ ఊగే స్వరం. కింద గిటారు ఒక గాంధారం పలుకుతుంటే పైన గొంతు మరొకటి పలుకుతుంది. ఇప్పుడు అయిదో బార్ వినండి. అక్కడ వచ్చే మధ్యమం కార్డ్‌లోని స్వరాలు మధ్యమం, చతుశ్రుతి ధైవతం, షడ్జమం, సాధారణ గాంధారం! అంతదాకా పరాయిదిగా ఉన్న గాయకుడి గాంధారం ఆ క్షణాన తన ఇంట్లో అడుగుపెడుతుంది. బ్లూస్ సాహిత్యంలో మొదటి పాదాన్ని రెండోసారి పాడేది సరిగ్గా అక్కడే. "పాడిందే పాడారు" అని విసుక్కునేవారు గమనించనిది ఇదే. మన సంగతులలో మాట నిలిచి వరస మారుతుంది. ఇక్కడ మాటా వరసా దాదాపు అవే ఉండి, కాళ్ళ కింద నేల మారుతుంది. హార్మొనీ చేసే పని అదే.

ఆ మూడు కార్డ్‌లూ తప్పనిసరేమీ కాదు. 1948లో జాన్ లీ హుకర్ రికార్డు చేసిన 'బూగీ చిల్లెన్' దాదాపు ఒకే కార్డ్ మీద నడుస్తుంది. 1936, 1937లలో రాబర్ట్ జాన్సన్ రికార్డు చేసిన 29 పాటలు వినండి: ఒక్క గిటారు మీద మంద్రస్వరాలూ, కార్డ్‌లూ, గొంతుకు బదులు పలికే తీగా. ఆవేదన ఒక్కటే ఉంటే ఈ పని చేతులకు రాదు.

నన్ను నొప్పించింది మూడు అన్న లెక్క కాదు; "ఆవేదన ఉంది" అన్న మెచ్చుకోలు. బానిసల సంతతి సృష్టించిన సంగీతంలో కన్నీళ్ళను ఒప్పుకొని, బుద్ధిని ఒప్పుకోకపోవడం ఎటువంటి న్యాయం? మన పల్లెపాటల గురించీ అచ్చంగా ఈ మాటే అంటాం. ఏడుపు వాళ్ళకు, వ్యాకరణం మనకు!

గమకాలు విని పెరిగిన చెవులు మనవి. రెండు గాంధారాల నడుమ నిలిచే స్వరం మనకే వినబడకపోతే, లోపం బ్లూస్‌ది మాత్రం కాదు.