మగ్గం గుంట పూడ్చకముందే

వేటపాలెం, చీరాల, పేరాల, చుట్టుపక్కల ఊళ్ల వారికి విన్నపం



మన వీధుల్లో పాత ఇల్లు పడగొడితే ముందు పూడేది మగ్గం గుంటే. ఆసు, రాట్నం పొయ్యిలోకో పాతసామాన్ల బండికో పోతున్నాయి. ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడలెక్కిన తేలియా రుమాలు చీరాలది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో పదే పదే నానబెట్టి, ఆరబెట్టి, చిటికి కట్టి అద్దకం వేసిన పని అది. దానికి భౌగోళిక గుర్తింపు 2020లో తెలంగాణలోని పుట్టపాకకు దక్కింది. దక్కాల్సిందే, ఆ పనిని బతికించుకున్నది వాళ్లు. మనం ఏం దాచుకున్నాం?

అందుకే అడుగుతున్నాం: మన ఊరి చరిత్రకు ఒక మ్యూజియం కావాలి. దాన్ని మనమే నడుపుకోవాలి.

ప్రభుత్వం కట్టించదా అని కొందరంటున్నారు. సర్కారు మ్యూజియాలు విగ్రహాలను, తామ్రశాసనాలను, నాణేలను చూసుకుంటాయి. మీ నాయనమ్మ కండెలు చుట్టిన రాట్నం కోసం అవి రావు. వచ్చినా దాన్ని ఎక్కడో నగరంలో అద్దాల వెనక పెడతాయి. అది ఎవరిదో, ఏ వీధిదో చెప్పేవాళ్లు అక్కడ ఉండరు.

మొదటి ఏడు హడావుడి, రెండో ఏడు తాళం అని ఇంకొందరి అనుమానం. ఇది కొట్టిపారేసేది కాదు. కానీ 1918లో మొదలైన వేటపాలెం గ్రంథాలయం సారస్వత నికేతనం మన కళ్లముందే ఉంది. పాత పత్రికలూ, గాంధీజీ చేతికర్రా అక్కడ భద్రంగా ఉన్నాయంటే దాతలూ, రోజూ తలుపు తీసినవాళ్లూ ఉండబట్టే. దాచిపెట్టే అలవాటు ఈ ఊరికి కొత్త కాదు.

ఇంకా దాచుకోవలసినవీ ఉన్నాయి. చీరాల–పేరాల సంగతే చూడండి. రెండూళ్లను కలిపి మునిసిపాలిటీ చేశాక ఏటా రూ.4,000 ఉన్న పన్ను రూ.40,000 దాకా పోయింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద వేలాది జనం ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలున్నారు. పాఠ్యపుస్తకంలో అది ఒక పేరా. నాటి పన్ను నోటీసో, జాబో, దుగ్గిరాల వారి స్వచ్ఛంద దళం రామదండు ఫొటోనో మీ ట్రంకుపెట్టె అడుగున ఉండొచ్చు. చెద ముందు చూస్తుందా, మీరు ముందు చూస్తారా?

ప్రతి వస్తువునూ ఎత్తుకురమ్మనడం లేదు. మోటుపల్లిలో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం, తుఫానుకు చెదిరి ఒడ్డుకు చేరిన ఓడల సరుకు రాజు కాజేయడని సముద్రవర్తకులకు ఇచ్చిన మాట. ఆ స్తంభం అక్కడే ఉండాలి. మన గదిలో దాని ఫొటో, పిల్లలకు అర్థమయ్యే పాఠం చాలు. పునాది తవ్వుతుంటే లంకెబిందెలో, నాణేలో బయటపడితే మాకు తేవద్దు. 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన విగ్రహాలకు 1972 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ రెంటిలో ఎక్కడ తేడా వచ్చినా మ్యూజియం మూతపడొచ్చు.

పంచాయతీని కోరేది ఒక్కటే: వాడకుండా పడి ఉన్న గది ఒకటి, కరెంటుతో సహా, గ్రామసభ తీర్మానం మీద ఇవ్వాలి. నోటిమాట వద్దు, సర్పంచి మారితే గది మారుతుంది. సంఘాన్ని రిజిస్టరు చేయిద్దాం. వస్తువు ఇచ్చినవారికి దానమా, తిరిగి తీసుకునే షరతా అన్నది రాసిన రసీదు ఇద్దాం. ఈ రసీదు దగ్గరే చాలా ఊళ్లలో తగాదాలు పుడతాయి కాబట్టి మొహమాటం పనికిరాదు. ఆదివారాల్లో వంతులవారీగా ఇద్దరు కూర్చుంటే తలుపు తెరిచి ఉంటుంది. ఒకరు తాళం చూసుకుంటే, రెండోవారు వచ్చిన పెద్దల మాటలు ఫోనులో రికార్డు చేయాలి. నూలుకు నూనె పట్టించిన చేతులు ఇంకా కొన్ని మన మధ్యే ఉన్నాయి. వారి మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టడానికి గది కూడా అక్కర్లేదు.

వచ్చే గ్రామసభకు రండి, తీర్మానానికి చెయ్యెత్తండి. ఈలోగా అటక దించితే దొరికినవాటిని చింతపండుతో తోమకండి, కాగితాలను ఎండలో పరచకండి. ఎవరు వాడారో, ఏ కాలానిదో ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టండి.