ఫోన్ ధర డబ్బా మీద ఉండదు!

‘12 వేల లోపు మంచి ఫోన్ ఒకటి చెప్పండి’... నాకొచ్చే మెసేజ్‌ల్లో ఎక్కువ ఇవే. జవాబిచ్చే ముందు నేనూ ఒకటి అడుగుతాను: ‘మరి రీచార్జికి ఎంత పెట్టగలరు?’ దానికీ దీనికీ సంబంధం ఏంటని చాలామంది అనుకుంటారు. ఓసారి లెక్కేసి చూడండి.

28 రోజుల ప్లాన్ అంటే నెల కాదు. ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు రీచార్జి చేయాలి. ఒక్కోసారికి 300 రూపాయలు అనుకుంటే ఏడాదికి 3,900. ఫోన్ మూడేళ్లు వాడితే 11,700. అంటే 12 వేల ఫోన్‌కి, దాదాపు ఇంకో ఫోన్ ఖరీదు రీచార్జిలకే అయిపోతుంది! షాపులో 500 తగ్గించమని అరగంట బేరమాడే మనం, ప్లాన్ దగ్గరికొచ్చేసరికి యాప్‌లో పైన ఏది కనిపిస్తే అదే నొక్కేస్తాం.

ఈమధ్య మా మేనకోడలికి ఫోన్ కొనడానికి వెళ్లాం. డిగ్రీ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. వాళ్లమ్మ చీటీ పాడి 15 వేలు చేతిలో పెట్టింది. షాపు కుర్రాడు నేరుగా 14,999 ఫోన్ తీశాడు. బాగుంది, కాదనలేం. కానీ వచ్చే నెల రీచార్జి ఎవరు చేయిస్తారు? బ్యాలెన్స్ లేక పరీక్ష ఫీజు కట్టే రోజే ఓటీపీ రాకపోతే? చివరికి 10,500 ఫోన్ తీసుకుని, మిగతా 4,500 ఏడాది రీచార్జికని పక్కన పెట్టాం. మొదట్లో కాస్త మూతి ముడుచుకుంది గానీ, ప్రతి నెలా ఇంటికి ఫోన్ చేసి డబ్బులు అడిగే పని తప్పిందని ఇప్పుడు తనే అంటోంది.

ప్లాన్ ఎంచుకునే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి పోయిన నెల ఎన్ని జీబీలు వాడారో చూడండి. రోజుకి 2 జీబీ అంటే 28 రోజులకి 56 జీబీ. హాస్టల్లోనో ఇంట్లోనో వైఫై ఉండి మీరు 15 జీబీ కూడా వాడకపోతే, మిగిలిందంతా రోజూ అర్ధరాత్రి ఆవిరైపోతున్నట్టే. అలాంటివాళ్లకి రోజు లెక్క లేకుండా డేటా మొత్తం ఒకేసారి ఇచ్చే ప్లాన్లు నయం. ధరని రోజులతో భాగిస్తే ఏది చవకో మీకే తెలిసిపోతుంది. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్ ఇవ్వాలని ట్రాయ్ 2022లోనే చెప్పింది. అలాగే 2024 డిసెంబర్‌లో, డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకే ప్లాన్లు ఇవ్వాలంది. ఇంట్లో బటన్ ఫోన్ వాడే నానమ్మకి డేటా ప్లాన్ వేయించాల్సిన పనిలేదు. యాప్‌లో పైన కనిపించకపోతే కిందికి వెతకండి.

సిగ్నల్ సంగతి కూడా చూసుకోవాలి. మీరుండే గదిలోనూ, సొంతూళ్లోనూ ఏ నెట్‌వర్క్ బాగుందో కనుక్కున్నాకే ఏడాది ప్లాన్ జోలికెళ్లండి. నంబర్ మార్చకుండా కంపెనీ మారాలంటే ఇంగ్లిష్‌లో ‘పోర్ట్’ అని రాసి, స్పేస్ ఇచ్చి, మీ నంబర్ వేసి 1900కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి. పాత ప్లాన్‌లో మిగిలిన రోజులు మాత్రం పోతాయి. కాబట్టి అది అయిపోవచ్చే ముందు మారడం మేలు.

ఇక ఫోన్. ‘16 జీబీ ర్యామ్’ అని ఉంటే కింద చిన్న అక్షరాలు చదవండి. 8+8 అని ఉంటే అసలు ర్యామ్ 8 జీబీనే. మిగతా సగం స్టోరేజ్ నుంచి అరువు తెచ్చుకున్నది, అంత వేగం ఉండదు. వెనక మూడు కెమెరాలున్నా, ఈ ధరలో పనికొచ్చేది చాలాసార్లు ఒక్కటే. వాటికంటే ముందు అడగాల్సింది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయని. బ్యాంకు, యూపీఐ అన్నీ అందులోనే కదా! ఆ ఏళ్లు మామూలుగా మీరు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. ఆఫర్లో దొరికే రెండేళ్ల కిందటి మోడల్‌కి అప్పటికే రెండేళ్లు ఖర్చయిపోయి ఉంటాయి.

‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా పూర్తిగా ఉచితం అనుకోవద్దు. కార్డు మీద తీసుకుంటే వడ్డీని డిస్కౌంట్‌గా తగ్గిస్తారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ కలుస్తుంది. సెకండ్ హ్యాండ్ ఫోన్ అయితే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కి ఐఎంఈఐ నంబర్ చూడండి. ఇంగ్లిష్‌లో ‘కేవైఎం’ అని రాసి, స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెలు 14422కి పంపితే వివరాలు వస్తాయి. బ్లాక్ చేసిన ఫోన్ అని వస్తే, ఎంత చవకైనా వెనక్కి ఇచ్చేయండి.

అందుకే షాపుకెళ్లే ముందు చేతిలో ఉన్న డబ్బులోంచి ఏడాది రీచార్జి తీసి పక్కన పెట్టండి. మిగిలిందే మీ ఫోన్ బడ్జెట్. అప్పుడు ఆ అంకె రాసి నాకు మెసేజ్ పెట్టండి, ఏ ఫోన్ తీసుకోవచ్చో చూద్దాం.