షరతులు చదివాకే సంతకం

పిల్లలు ఉద్యోగాల కోసం హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. అమ్మానాన్నలేమో తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో. గుండెలో నొప్పంటే చాలు, గుంటూరుకో విజయవాడకో పరుగెత్తాలి. ప్రాణం సంగతి సరే, ఆ బిల్లు ఎవరు కడతారన్నది ఇంకో బెంగ.

ఆదాయం తక్కువున్న కుటుంబాలకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం ఉంది. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల దాకా వైద్యం అందేలా కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. ప్రైవేటు పాలసీ ఉన్నా ఈ కార్డు తీసుకోవచ్చు. చిక్కల్లా మధ్యలో ఉన్నవారికే. అరవై దాటిన చిన్న వ్యాపారి, ప్రైవేటు బడిలో రిటైరైన మాస్టారు... ఇటు ఆదాయ పరిమితిలోకి రారు, అటు డెబ్భై నిండలేదు. వీళ్ళకు మిగిలిన దారి ప్రైవేటు పాలసీయే.

ఆ దారి ఈమధ్య కాస్త సాఫీ అయింది. 65 ఏళ్ళు దాటినవారికీ పాలసీలు ఉండాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిబంధనలు మార్చింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఆగాల్సిన గడువును 4 ఏళ్ళ నుంచి గరిష్ఠంగా 3 ఏళ్ళకు తగ్గించింది. 60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని 2025 జనవరిలో కంపెనీలకు చెప్పింది. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు.

అయినా 'అన్నీ కవరవుతాయండీ' అన్న ఏజెంటు మాట మీద సంతకం పెట్టేయకూడదు. ప్రీమియం ఎంతన్నది ఒక్కటే చూస్తే చాలదు.

మొదట చూడాల్సింది కో-పే. అది 20 శాతం ఉంటే 2 లక్షల బిల్లులో 40 వేలు చేతినుంచి పెట్టుకోవాలి. తర్వాత గది అద్దె. పరిమితి 3 వేలుండగా 6 వేల గదిలో చేరితే అద్దె తేడాతో పోదు. చాలా పాలసీలు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా సగానికి కోసేస్తాయి. కంటి శుక్లాలకు, మోకీళ్ళ మార్పిడికి సాధారణంగా 2 ఏళ్ళు ఆగాలి. నగదు కట్టక్కర్లేని ఆసుపత్రుల జాబితాలో తెనాలి, గుంటూరు పేర్లున్నాయో లేదో కూడా చూసుకోవాలి. అర్ధరాత్రి ఆయాసం వస్తే రేపల్లె నుంచి హైదరాబాద్ దాకా వెళ్ళలేరు కదా!

అన్నిటికంటే ముఖ్యం, బీపీ, షుగరు దాచకపోవడం. ప్రీమియం పెరుగుతుందని దాస్తే, తీరా ఆసుపత్రిలో ఉన్నప్పుడు క్లెయిమ్ తిరస్కరించవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. వరుసగా 5 ఏళ్ళు పాలసీ నడిచాక మాత్రం మోసమని రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదు.

పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ నెల రోజుల్లో పిల్లలెవరైనా ఒకసారి పూర్తిగా చదివి పెట్టాలి. క్లెయిమ్ దగ్గర అన్యాయం జరిగిందనుకుంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా బదులు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి ఫీజు లేదు.

ఇంకొక్క మాట. జబ్బు చేశాక చూద్దాంలే అనుకుంటే గడువులన్నీ అప్పుడే మొదలవుతాయి. అరవైలో తీసుకుంటే అరవైమూడుకల్లా అవి తీరిపోతాయి.