సొరంగం ఒకటే, న్యాయాలు రెండు

"దాచుకోవలసిందేమీ లేనివాడికి వీపీఎన్ ఎందుకయ్యా?" అని మొన్న ఒక అధ్యాపక మిత్రుడు నన్ను అడిగాడు. పక్కనే వున్న మరొక మిత్రుడు, మనలోనివాడే, "ఇవన్నీ మధ్యతరగతి మేధావుల కాలక్షేపాలు. కూలీకీ రైతుకూ వీటితో నిమిత్తమేమిటి?" అని తేల్చివేశాడు. మొదటి ప్రశ్న పాలకవర్గాలు మన నోట పలికిస్తున్న ప్రశ్న. రెండవది మన బద్ధకం వేసుకున్న ఎర్రచొక్కా. రెండింటికీ జవాబు చెప్పక తప్పదు.

వీపీఎన్ మాయ కాదు. నేడు చాలా సైట్ల విషయంలో మన ఉత్తరం అంటించిన కవరులోనే పోతున్నది. కాని కవరు మీది చిరునామాను ఇంటర్నెట్ కంపెనీ, కాలేజీ నెట్‌వర్కు, లాడ్జి వైఫై చూడగలుగుతాయి. ఎవరు ఏ పత్రిక చదివారో, ఏ సంఘం గుమ్మం తొక్కారో చెప్పడానికి ఆ చిరునామా చాలు. ఆ కవరును మరొక కవరులో పెట్టి, మనం నమ్మిన ఒక యంత్రానికి చేరవేసి, అక్కడి నుండి పంపించడమే వీపీఎన్ చేసే పని. దానినే సొరంగం అంటున్నారు.

ఈ పని నేను నా చేతులతో చేసి చూశాను. నాది క్రోమ్‌బుక్ అనే తేలికపాటి ల్యాప్‌టాప్. దాని మీద బరువైన ప్రోగ్రాములు నడవవు. అయితే దాని సెట్టింగ్స్‌లోనే వీపీఎన్‌కు చోటు వున్నది. నెట్‌వర్క్ విభాగంలో కొత్త కనెక్షన్ చేర్చమంటే ఒక ఫారం తెరుచుకుంటుంది. ఓపెన్‌వీపీఎన్, ఎల్2టీపీ, ఐకేఈవీ2, వైర్‌గార్డ్ అనే పద్ధతులలో ఏది కావాలని అడుగుతుంది. నేను వైర్‌గార్డ్ ఎంచుకున్నాను. అది 2020లో లైనక్స్ 5.6 కెర్నెల్‌లో చేరిన బహిరంగ ప్రోగ్రాం. దాని రాతను తెలిసినవారెవరైనా చదివి తప్పు పట్టవచ్చు.

యంత్రం రెండు తాళంచెవులు తయారుచేసింది. రహస్యమైనది యంత్రం దాటి పోరాదు. బహిరంగమైన దానిని సర్వరు నడిపే మిత్రుడికి పంపాను. అతని బహిరంగ చెవి, సర్వరు చిరునామా, పోర్టు అంకె, నాకు కేటాయించిన ఐపీ అంకె తెచ్చుకుని ఫారంలో నింపాను. చివర "అనుమతించిన ఐపీలు" అని ఒక గడి వున్నది. ఏయే రాకపోకలు సొరంగంలో పోవాలో నిర్ణయించేది అదే. అన్నీ పోవాలంటే 0.0.0.0/0 అనీ, ఐపీవీ6 వుంటే ::/0 అని కూడా రాయాలి. నేను తెలియక సర్వరు అంకె ఒక్కటే రాశాను. కనెక్షన్ కుదిరిందని తెర చెప్పింది. గంటసేపు నిశ్చింతగా చదువుకున్నాను. తీరా నా ఐపీ బయటికి ఎలా కనిపిస్తున్నదో చూస్తే, పాత అంకే! నా చదువంతా నడిబజారులోనే సాగింది.

ఆ గంట నాకు గొప్ప పాఠం. "కనెక్షన్ కుదిరింది" అన్న మాట రక్షణకు హామీ కాదు. చేత్తో అమర్చుకున్నవాడు తప్పు చేస్తాడు. కాని ఆ తప్పు ఏ గడిలో వున్నదో వెదికి పట్టుకోగలడు. ఒక్క మీట నొక్కి ఊరుకున్నవాడికి తప్పు జరిగినదన్న సంగతే తెలియదు.

ఆ మీటను ఉచితంగా ఇస్తున్నదెవరు? 2013లో ఫేస్‌బుక్ సంస్థ ఒనావో అనే కంపెనీని కొన్నది. "మీ సమాచారాన్ని కాపాడుతాం" అంటూ ఒనావో ప్రొటెక్ట్ అనే ఉచిత వీపీఎన్‌ను జనానికి పంచింది. జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఆ సొరంగంలోనే కూర్చుని లెక్కకట్టి, తన వ్యాపారానికి వాడుకున్నది. చివరకు 2019లో దానిని మూసివేసింది. ఈ మోసానికే 2023లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు మెటా అనుబంధ సంస్థలు రెండింటికి కలిపి 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కాపలాదారే కన్నం వేశాడన్నమాట!

కంపెనీ సంగతి ఇది. మరి ప్రభుత్వం? 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఒక ఆదేశం జారీ చేసింది. వీపీఎన్ సంస్థలు తమ వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ అంకెలు, ఇచ్చిన ఐపీలు, చివరికి ఆ సేవను ఎందుకు తీసుకున్నారన్న కారణం కూడా రాసి అయిదేళ్లు, అవసరమైతే అంతకు మించి, భద్రపరచాలన్నది. తర్వాత వెలువడిన వివరణలో ఒక మినహాయింపు వున్నది: కార్పొరేట్ కంపెనీల సొంత వీపీఎన్‌లకు ఈ నిబంధన వర్తించదు!

ఇంతకంటే నగ్నమైన వర్గన్యాయం ఎక్కడ దొరుకుతుంది? సొరంగం ఒకటే. తాళం ఒకటే. అందులో కంపెనీ లెక్కలు పోతే భద్రత, పౌరుడి చదువు పోతే అనుమానం. నైజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 కింద సర్కారు అనుమతి లేనిదే సభ జరపరాదు. ఎందుకు కూడుతున్నారో చెప్పమన్న ఆ గస్తీకీ, ఎందుకు వాడుతున్నావో రాసిపెట్టమన్న ఈ ఆదేశానికీ దగ్గరి చుట్టరికమే వున్నది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పిన దేశంలోనే ఇది జరుగుతున్నది. 2020 జనవరిలో కాశ్మీరు ప్రజలకు సర్కారు జాబితాకెక్కిన సైట్లు మాత్రమే చూడమని ఇంటర్నెట్ ఇచ్చారు. వీపీఎన్‌తో ఆ గోడ దాటినవారి మీద మరుసటి నెలలో పోలీసులు కేసు పెట్టారు.

ఇప్పుడు మొదటి మిత్రుడికి చెబుతున్నాను: నీవు పరీక్ష ప్రశ్నపత్రాన్ని సీలు లేకుండా పంపుతావా? సీలు వేసినంత మాత్రాన నీవు దొంగవా? రెండవ మిత్రుడికి: యజమాని ఇచ్చిన వైఫై మీద ఒక కార్మికుడు యూనియన్ సైటు తెరిస్తే, ఆ పేరు ముందుగా చూసేదెవరు? అతనికి ఈ సొరంగం కాలక్షేపమా, కూడూ గూడూ సమస్యా?

అయితే మనం మరొక మూఢనమ్మకంలో పడరాదు. వీపీఎన్ నమ్మకాన్ని రద్దు చేయదు, ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారుస్తుంది. నా ఇంటర్నెట్ కంపెనీ చూడగలిగినదంతా ఇప్పుడు సర్వరు నడిపే నా మిత్రుడు చూడగలడు. సొంత పేరుతో ఏదైనా సైటులో ప్రవేశిస్తే ఆ సైటుకు మనం ఎవరమో తెలియనే తెలుస్తుంది. ఏ సొరంగమూ దుష్ట శాసనాన్ని మార్చదు. దానిని మార్చవలసింది ప్రజా ఉద్యమమే.

అందుచేత మన పని రెండు విధాలు. కంపెనీకి ఇచ్చిన మినహాయింపు చదువుకునే ప్రతి మనిషికీ ఇవ్వాలని అడగాలి. అడుగుతూనే, ప్రతి కాలేజీలో, ప్రతి ఉపాధ్యాయ సంఘం ఆఫీసులో ఒక సాయంత్రం కేటాయించి, ఆ ఫారంలోని గడులు ఒక్కొక్కటీ ఏమిటో మన పిల్లలకు నేర్పాలి. తాళంచెవి తన చేతిలో వున్నదో లేదో తెలియనివాడు స్వేచ్ఛను గురించి ఎన్ని ఉపన్యాసాలు దంచినా, అవి ఇంకొకరి గదిలో ఇచ్చిన ఉపన్యాసాలే అవుతాయి.