అబ్బాయికి లక్ష, అమ్మాయికి యాభై వేలా?

పోయిన నెల మా ఇంట్లో ఒక లాప్‌టాప్ కోసం వారం రోజులు వాదనలు నడిచాయి. చిన్నదానికి బీ.ఆర్క్‌లో సీటొచ్చింది, అయిదేళ్ళ చదువు. "దానికో లాప్‌టాప్ కొనాలండీ" అంటే మావారు పేపర్లోంచి తలెత్తకుండానే, "యాభై వేలలో చూడు, బొమ్మలు గీసుకోడానికి అది చాలు" అనేశారు. మూడేళ్ళ క్రితం పెద్దాడు ఇంజనీరింగులో చేరితే లక్షా పదివేలు పోసి కొన్నదీ ఈయనే. అప్పుడు బడ్జెట్ మాటే రాలేదు. ఆయన్ననడం ఎందుకు, ఆ రోజు దానికి పసుపు కుంకుమ పెట్టి మురిసిపోయిందాన్ని నేనే.

ఈసారి నేనే పూనుకున్నాను. నాలుగు షాపులు తిరిగాను. షాపుల్లో కుర్రాళ్ళు "ఐ7 మేడమ్, 16 జీబీ మేడమ్" అని పాఠం అప్పజెబుతారు. విన్నాక నాకర్థమైంది ఏమిటంటే, పేరు ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటే కాదు. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర యు అని ఉంటే తక్కువ కరెంటుతో నడిచే రకం, హెచ్ అని ఉంటే బరువు పనులు చేసేది. గ్రాఫిక్స్ కార్డూ అంతే. ఆర్‌టీఎక్స్ 4050 అని ఒకే పేరు, కానీ లాప్‌టాప్‌ని బట్టి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఇస్తారు. మనం మిక్సీ కొనేటప్పుడు 500 వాట్లా, 750 వాట్లా అని అడగమూ? మినప్పప్పు రుబ్బేవాళ్ళకి తెలుసు ఆ తేడా. ఇక్కడా అడగాలి, అడిగితే కుర్రాడు లోపలికెళ్ళి ఎవర్నో కనుక్కొచ్చాడు.

ఏమాటకామాటే, నా మనసు పడింది మాత్రం మ్యాక్‌బుక్ ఎయిర్ మీద. 2025లో వచ్చిన ఎం4 రకం 1.24 కిలోలు, ఫ్యాన్ లేదు కనక చప్పుడు లేదు. అల్యూమినియం ఒళ్ళు, ఎక్కడ నొక్కినా లొంగదు. విడుదల ధర 99,900. కానీ అందులో స్టోరేజీ 256 జీబీయే. 512 కావాలంటే ఇంకో 20,000. తర్వాతెప్పుడో మెమరీ పెంచుకుందామంటే కుదరదు, కొన్న రోజు ఎంతో అంతే. దానికన్నా పెద్ద చిక్కు మా పిల్ల చెప్పింది, "అమ్మా, రెవిట్ విండోస్‌లోనే నడుస్తుంది." ఆర్కిటెక్చర్ వాళ్ళు భవనాల నమూనాలు చేసే సాఫ్ట్‌వేర్ అది. లక్ష పెట్టి కొన్నదాంట్లో చదువుకి కావలసిందే నడవకపోతే ఇంకెందుకు? రాతపనులు చేసుకునేవాళ్ళకి మాత్రం కళ్ళు మూసుకుని అదే చెప్తాను.

తర్వాత నాకు తెలిసిన పరీక్షలు పెట్టాను. ఒక్క వేలితో మూత ఎత్తి చూశాను, కింది భాగం కూడా లేచొస్తే కీలు సరిగా కుదర్లేదన్నమాట. కీబోర్డు నడిమధ్య నొక్కితే కొన్ని పాత స్టీలు పళ్ళెంలా సొట్టపోయాయి. లోహమైతేనే గట్టిదనీ అనుకోకండి, థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ మూత కార్బన్ ఫైబర్‌తో చేస్తారు, చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది ఎంత తేలికో. చార్జరు కూడా చేత్తో తూచాను. లాప్‌టాప్ బరువొకటే రాస్తారు గానీ, డ్రాయింగు షీట్ల గొట్టంతో పాటు బస్సులో మోసేది పిల్ల కదా.

అన్నిటికన్నా తేడా తెర దగ్గర కనబడింది. యాభై వేల వాటిలో చాలావాటికి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని చిన్నక్షరాల్లో ఉంటుంది. అంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. నా ఫోన్లో ఉన్న కనకాంబరం రంగు చీర ఫొటో పక్కపక్కనే రెండింట్లో పెట్టించి చూశాను. ఒకదాంట్లో ఇటుక రంగయిపోయింది. రంగులతో బతకాల్సిన పిల్లకి అదెలా కొనిస్తాం?

చివరికి 1,18,000కి ఒక విండోస్‌ది కుదిరింది. 16 జీబీ, ఇంకొకటి పెట్టుకోడానికి ఖాళీ స్లాటు, మంచి తెర, గ్రాఫిక్స్ కార్డు. బరువు కొంచెం ఎక్కువే, అది ఒప్పుకోవాలి. అయిదేళ్ళకి లెక్కేస్తే రోజుకు 65 రూపాయలు. యాభై వేలది రెండున్నరేళ్ళకి మూలపడితే మళ్ళీ కొనాల్సిందే, ఆ లెక్కా దీని దగ్గరికే వస్తుంది.

నాకు కోపం వచ్చింది యాభై వేలన్నందుకు కాదు. డబ్బు లేకపోతే లేదు, సర్దుకుంటాం. పెద్దాడికి "ఏం పని చేస్తాడు" అని చూసి కొన్నాం, చిన్నదానికి "ఎంతలో అవుతుంది" అని మొదలుపెట్టాం. ఆ మాటే మావారితో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి యాభై తెచ్చిచ్చారు. మిగతాదానికి నేను చీటీ పాడాను. గాజులకని దాచుకున్న చీటీ, ఆ సంగతి పిల్లకి చెప్పలేదు.

నిన్న రాత్రి అది రెవిట్‌లో మా ఇంటినే గీసి చూపించింది, వంటింటికి ఇంకో కిటికీ పెట్టి మరీ. మావారు కళ్ళజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కిటికీకి ఎంతవుతుందే?" అన్నారు.