కాస్త నీడ పడితే ఏమవుతుందిలే అనుకోవద్దు

బోరు దగ్గర సోలార్ ప్లేట్లు పెట్టించుకునే రైతుకు అమ్మేవాళ్లు చెప్పే మాట ఒకటుంది. "ఇది థిన్ ఫిల్మ్ రకమండీ, మబ్బు పట్టినా నీడ పడినా భయం లేదు" అని. ఇందులో సగమే నిజం. మండే ఎండల్లో సిలికాన్ ప్లేట్ల కంటే ఇవి మెరుగే, కాదనను. కానీ మబ్బు వేరు, నీడ వేరు. మబ్బు ప్లేటంతా ఒకేలా కమ్ముతుంది. చెట్టు కొమ్మ, కరెంటు స్తంభం, ఎదిగిన గడ్డి అలా కాదు, ఒక పక్కనే కప్పుతాయి. చేటు అక్కడుంది.

మన పంపుసెట్లకు ఎక్కువగా ఉండేవి చదరపు బిళ్లల సిలికాన్ ప్లేట్లు. థిన్ ఫిల్మ్ ప్లేటు నల్లటి అద్దంలా ఉంటుంది, దగ్గరగా చూస్తే సన్న గీతలు కనిపిస్తాయి. గాజు మీద పల్చటి పూత పూసి పట్టీలుగా విడగొడతారు. ఒక్కో పట్టీ వేలి మందం కన్నా సన్నం, పొడవు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు. కరెంటు ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి వరుసగా పోవాలి. చెరువు పూడిక తీసేటప్పుడు వరుసన నిలబడి గంపలు అందించుకుంటామే, అలాగన్నమాట. మధ్యలో ఒకడు చేతులు దించేస్తే వెనకవాళ్ల గంపలన్నీ వాడి మీదే పడతాయి. నీడ పట్టీ నిలువునా కప్పినప్పుడు జరిగేదీ అదే. మిగతా పట్టీల కరెంటు దాని మీద పడి వేడెక్కిస్తుంది, పూత అక్కడక్కడ కాలుతుంది. నీడ పోయినా ఆ మచ్చ పోదు, కరెంటు తగ్గిన చోట తగ్గినట్టే. అమెరికా ప్రభుత్వ పరిశోధనశాలలో 2015 ప్రాంతంలో ఈ సంగతి పరీక్షించి చూశారు. కొన్ని రకాలకు శాశ్వత నష్టం జరగడానికి ఎక్కువసేపు కూడా పట్టలేదు. వెనక బిగించే డయోడు కాపాడుతుందంటారు. అది పక్క ప్లేట్ల ధాటినే ఆపుతుంది. అదే ప్లేటులోని పట్టీల ధాటిని ఆపలేదు.

బిగించేటప్పుడు గీతలు ఎటున్నాయో చూడండి. అడ్డంగా ఉంటే కింద పెరిగిన గడ్డి నీడ ఒకటి రెండు పట్టీలను పూర్తిగా కప్పేస్తుంది. నిలువుగా ఉంటే అదే నీడ అన్ని పట్టీల మీదా కొంచెం కొంచెం పడుతుంది, ఆ మేరకు కరెంటు తగ్గి ఊరుకుంటుంది. అయితే నిలువు గీతల ప్లేటు ముందు స్తంభం ఉండకూడదు సుమా.

చోటు ఎంచేది ఎండాకాలంలో అయితే మోసపోతారు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలతాడు. మన ప్రాంతంలో 20 అడుగుల వేపచెట్టు నీడ అప్పుడు మిట్టమధ్యాహ్నమే ఉత్తరం వైపు 16 అడుగులు పోతుంది. ఉదయం 9 గంటలకైతే 30 అడుగులు దాటి వాయవ్యానికి సాగుతుంది. కనుక ప్లేట్లకు దక్షిణాన, ఆగ్నేయాన, నైరుతిన ఉన్న చెట్లను ముందే లెక్కేసుకోవాలి. చెట్టు కొట్టేయడం కన్నా ప్లేట్లను పది గజాలు జరపడం నయం. కేబులు ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే.

ప్లేట్ల మీద తువ్వాలు, గోనెసంచులు ఆరేయకండి. దుమ్ము తుడవడం తెల్లవారుజామునో, పొద్దుగూకాకో పెట్టుకోండి. ఎండలోనే తుడవాల్సి వస్తే ముందు కంట్రోలర్ స్విచ్ ఆపండి. కరెంటు పారకపోతే పట్టీ వేడెక్కదు. డబ్బు కట్టేముందు వారంటీ కాగితంలో నీడ గురించి ఏం రాశారో ఎవరిచేతనైనా చదివించుకోండి. "నీడ పడినా ఫర్వాలేదు" అన్నవాడిని ఆ మాటే బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి.