రెక్క కొన్నావా, కట్టినావా?

ముందే ఒప్పుకుంటాను, నేను కొన్నవాణ్ణే. ఉద్యోగం వచ్చిన కొత్తలో హైదరాబాదులో ఒక ఆర్‌సీ గ్లైడర్ కొన్నాను. పెట్టెలోంచి తీసి, నాలుగు స్క్రూలు బిగించి, బ్యాటరీ పెడితే ఎగిరింది. ఉగాదికి దాన్ని కోవెలకుంట్ల దగ్గర మా ఊరికి తీసుకుపోయాను. శనగ ఎత్తేసిన నల్లరేగడి చేలో మూడోసారి ఎగరేస్తే తుమ్మచెట్టుకి తగిలి ఎడమ రెక్క విరిగింది. రెండు ముక్కలూ చేతిలో పట్టుకుని నిలబడితే మా చిన్నాయన అడిగాడు: "ఇంత దుడ్లు పోసి తెచ్చినావు. ఇరిగితే అతికించుకునేకి రాదా? ఇంజనీరువి గదా నువ్వు!"

రాదు. నాలుగేళ్ళు మెకానికల్ చదివాను, రాదు. ఈ వ్యాసం ఆ 'రాదు' గురించే.

ఆర్‌సీ సోరింగ్ అంటే తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. ఇంజను బలంతో కాకుండా పైకి లేచే వేడిగాలిని పట్టుకుని విమానాన్ని గాల్లో నిలపడం ఈ ఆట. ఎఫ్‌5జె అనే తరగతిలో చిన్న మోటారు ఉంటుంది. గరిష్ఠంగా 30 సెకన్లే వాడాలి. ఎంత ఎత్తుకి తీసుకెళ్తే అన్ని పాయింట్లు కోత. ఆ తర్వాత 10 నిమిషాలు గాలి దయ, నీ తెలివి. ఎఫ్‌3కెలో మోటారే లేదు. 1.5 మీటర్లు మించని రెక్కల గ్లైడర్ని, రెక్క కొస పట్టుకుని గిర్రున తిరిగి, డిస్కస్ విసిరినట్టు విసరాలి. ఇప్పుడు ప్రపంచ స్థాయిలో ఎగిరేవి దాదాపుగా అచ్చుల్లో పోసిన కార్బన్ ఫైబర్ విమానాలు. చెక్, ఉక్రెయిన్, బల్గేరియా వర్క్‌షాపుల్లో తయారవుతాయి. మంచి ఎఫ్‌5జె మోడల్ ఖరీదు మన రూపాయల్లో లక్ష దాటుతుంది.

దీని మీద పాతవాళ్ళకి ఒక ఏడుపు ఉంది. బాల్సా చెక్క కోసుకుని, జిగురు వాసన పీల్చుకుంటూ రాత్రుళ్ళు కట్టుకున్నదే గ్లైడర్, కొన్నవాడు ఆటగాడే కాదు అంటారు. నేను ఒప్పుకోను. వీణ వాయించేవాణ్ణి బొబ్బిలి వెళ్ళి పనసచెక్క తొలుచుకు రమ్మనం. గాలిని చదవడం ఒక విద్య, రెక్క కట్టడం ఇంకో విద్య. రెండోది రాకపోయినా మొదటిదాంట్లో మొనగాడు కావచ్చు. ఫ్రీ ఫ్లైట్ పోటీల్లో ఎగరేసేవాడే కట్టాలన్న నియమం చాలాకాలం ఉండేది. అమ్మకానికి మంచి మోడళ్ళు వచ్చాక ప్రధాన తరగతుల్లో అది నిలవలేదు. నిలవకపోవడమే న్యాయం.

అయితే వీణ విద్వాంసుడికి బొబ్బిలి ఉంది. కర్నూలు, కడప పిల్లాడికి ఏ బొబ్బిలి ఉంది? చెక్ పైలట్ వెనకాల ఒక వర్క్‌షాపు, ఒక క్లబ్బు, విరిగిన రెక్కని సాయంత్రానికి అతికించి ఇచ్చే ఒక పెద్దాయన ఉంటారు. అక్కడ కొనడం అన్నది కట్టడం తర్వాత వచ్చింది. ఇక్కడ కట్టడానికి బదులుగా వచ్చింది. ఈ తేడా చూడకుండా "ప్రపంచమంతా కొంటోంది, మనకెందుకు చాదస్తం" అనేవాళ్ళతోనే నా పేచీ.

మార్క్ డ్రెలా సంగతి చూడండి. ఎంఐటీలో ఏరోనాటిక్స్ ప్రొఫెసర్. రెక్క అడ్డుకోతని విశ్లేషించే ఎక్స్‌ఫాయిల్ అనే ప్రోగ్రామ్ 1986లో రాశాడు. ఇవాళ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. బబుల్ డాన్సర్, సుప్రా లాంటి గ్లైడర్లు డిజైన్ చేసి ప్లాన్లు కూడా ఉచితంగా పంచాడు. ఆ సుప్రానే ఉక్రెయిన్‌లో అచ్చుపోసి అమ్మారు. అంటే డబ్బు పెట్టి కొన్న రెక్క వెనక కూడా ఎవరో తెరిచి పెట్టిన డ్రాయింగ్ ఉంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన విషయం. లైబ్రరీ వాడుకోవడం తప్పేం కాదు. పగిలిన రోజున సోర్స్ తెరిచి చదవలేకపోవడమే అసలు దరిద్రం.

మన కాలేజీల్లో ఆ దరిద్రానికి ధర కట్టి అమ్ముతున్నారు. ఫైనలియర్ ప్రాజెక్ట్ అంటే అమీర్‌పేట అని సీమ నుంచి శ్రీకాకుళం దాకా అందరికీ తెలుసు. టైటిల్, మోడల్, రిపోర్ట్, పీపీటీ, వైవాలో అడగబోయే ప్రశ్నలు, అన్నీ ఒకే ప్యాకేజీ. మా బ్యాచ్‌లో నలుగురం చందాలేసుకుని అలాగే కొన్నాం. వచ్చిన ఎగ్జామినర్ ఒక భాగం చూపించి "ఇది ఇక్కడెందుకుంది?" అన్నాడు. నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మార్కులు మాత్రం బాగానే పడ్డాయి. ఆ మార్కులే నాకిప్పటికీ సిగ్గు.

సాహిత్య పత్రికలో ఈ గోలేంటి అంటారా? పెట్టెలోంచి తీసి స్క్రూలు బిగించిన సిద్ధాంతాలతో ఎగిరే విమర్శ మనకి తెలియనిదా? ఏదో ఒక కథ దగ్గర దాని రెక్క విరుగుతుంది. అప్పుడు విమర్శకుడు కథనే తప్పుపడతాడు. నేనూ పట్టాను.

"సీమ పిల్లలకి తిండికే కటకట, కట్టుకునేంత టైమూ డబ్బూ ఎక్కడివి?" అంటారు. లెక్క తిరగబడింది. కొనడమే ఖరీదు. మోటారు, సర్వో, రిసీవర్, బ్యాటరీ కొనుక్కోవాల్సిందే, వాటిని ఎవరూ ఇంట్లో చేసుకోరు. ఎగరడాన్ని తేల్చేవి రెక్క, తోక, బరువు నిలిచే చోటు. ఆ మూడూ కట్టుకోవాలి. మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించినప్పుడు కూడా విడిభాగాలని వదిలేసింది.

"బాల్సా దొరకదు" అంటారు. ఈక్వడార్ చెక్క కర్నూల్లో ఎందుకు దొరుకుతుంది? నల్లమలలో వెదురుంది. దాన్ని చీల్చి, గీకి, రెండు వైపులా ఒకే వంపు తెచ్చే మేదరవాళ్ళున్నారు. గాలిపటం కట్టే పిల్లాడు పుల్లని వేలి మీద నిలిపి చూసుకుంటాడే, మనం సెంటర్ ఆఫ్ గ్రావిటీ అని పరీక్షలో రాసేది దాన్నే.

"కట్టింది గెలవదు" అంటారు. కార్బన్ ముందు గెలవదు, నిజమే. అందుకే పోటీ మార్చమంటున్నాను. కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు కాలేజీల టెక్ ఫెస్టుల్లో ఒక ఈవెంట్ పెట్టండి. చేత్తో విసిరే గ్లైడర్, రెక్క 1.5 మీటర్ల లోపు, అందరికీ ఒకే ఫోమ్ షీటు, ఒకే వెదురు. మొదటి రోజు అక్కడే కట్టాలి, రెండో రోజు ఎగరేయాలి. విరిగితే గంట టైమ్ ఇవ్వండి. అతికించి మళ్ళీ ఎగరేసినవాడికి అదనంగా పాయింట్లివ్వండి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్లు వాయు సైనిక్ క్యాంపుల్లో ఏరోమోడలింగ్ పోటీలు ఎప్పటినుంచో ఆడుతున్నారు. నేనేమీ ఆకాశం నుంచి తెచ్చి చెప్పడం లేదు.

ఈ ఆటకి అసలు ముడిసరుకు వేడిగాలి. అది మనకున్నంత ఎవరికుంది? ఏప్రిల్ మధ్యాహ్నం బీడు మీద సుడిగాలి దుమ్మెత్తి లేస్తుంది. దాని పైన గద్ద రెక్క కొట్టకుండా చుట్లు తిరుగుతూ ఎక్కుతుంది. కళ్ళంలో తూర్పారబట్టే రైతు చేట ఎత్తి, గాలి వచ్చేదాకా ఆగుతాడు. గాలిని చదవడం మన ఊళ్ళకి కొత్త కాదు. రెక్కే బయటినుంచి తెచ్చుకుంటున్నాం.

ఆ విరిగిన రెక్కని చివరికి నేనే అతికించాను. బుట్టలల్లే ఆమె దగ్గర వెదురు బద్ద అడుక్కుని, లోపల దూర్చి, జిగురు పోశాను. ఎడమ వైపు బరువెక్కితే కుడి కొసకి రూపాయి బిళ్ళ అంటించాను. గ్లైడర్ ఇప్పటికీ ఎడమకే లాగుతుంది. అతుకు దగ్గర రెక్క ముందంచు ఒక పిసరు కిందికి వాలింది, అటువైపు లిఫ్ట్ తక్కువ. ఏ పోటీలోనూ గెలవదు. కానీ ఏ ఎగ్జామినరైనా వచ్చి "ఎందుకు లాగుతోంది?" అంటే, ఈసారి పక్కవాడి మొహం చూడను.